రాత్రికి కాస్త కరెంటిస్తారా?

మలేషియా వెళ్ళొచ్చామనగానే ఎవరైనా మొదట అడిగేది ఆ జంట టవర్ల గురించే. మేం అవి చూడలేదు. చూడలేదంటే చాలు, తిరుపతి వెళ్ళి దర్శనం చేసుకోకుండా తిరిగొచ్చినవాళ్ళని చూసినట్టు చూస్తున్నారు. ఏం చెయ్యను? మేం చూసినవి వేరు. మసీదు వెనక ఖాళీ జాగాలు, కాఫీ హోటళ్ళ పెరళ్ళు, చేపల రేవులు, స్కూలు మైదానాలు. ఆ దేశంలో ఏ గోడకి ప్లగ్ పాయింటు ఉందో ఏ గోడకి లేదో అడగండి, టకటకా చెప్తాను.

మా ఆయన విజయనగరంలో కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన దగ్గర్నుంచీ ఫోన్లో ఒకటే వీడియోలు. ఎవరో ఎక్కడో ఇల్లంత బండి వేసుకుని దేశాలు తిరుగుతుంటారు, రాత్రి ఎక్కడ తోస్తే అక్కడ ఆపుకుని పడుకుంటారు. మనమూ తిరగాలన్నారు. మన రోడ్ల మీద నా వల్ల కాదన్నాను. మలేషియాలోనూ మనలాగే ఎడమవైపు నడుపుతారు, రోడ్లు అద్దంలా ఉంటాయి, పైగా మన తాతల నాటి తెలుగువాళ్ళున్నారు, పద అన్నారు. క్లాంగ్ ఊళ్ళో లిమ్ అనే చైనా ఆయన దగ్గర క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకున్నాం. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, బుల్లి ఫ్రిజ్. మనిషి నిటారుగా నిలబడితే నెత్తి తగులుతుంది. నాకు తగల్లేదు, ఆయనకి రోజూ తగిలింది.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాదంతా మీకు వింతగా ఉంటుంది. మా ఆయనకి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుంది. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోతారు. తర్వాత ఉలిక్కిపడి, నీళ్ళలోంచి తేలినట్టు ఊపిరి తీసుకుంటారు. వైజాగ్ డాక్టరు ఒక మిషన్ ఇచ్చారు. మూతికీ ముక్కుకీ మాస్కు తగిలించుకుని పడుకుంటే అది గాలి పంపుతుంది. ఒక్క రాత్రి కూడా మానొద్దన్నారు. ఒక తుఫానప్పుడు మా వీధికి కరెంటు లేక మానాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆయన పెదాలు నీలంగా అవడం నా కళ్ళతో చూశాను. అప్పట్నుంచి ఆ మిషన్ ఆగితే నా గుండె ఆగినట్టే.

ఆయనకేమో అది పెద్ద సిగ్గు. మా అల్లుడికి కూడా తెలియనివ్వలేదు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఎవరైనా ఆ నల్ల సంచీ ఏమిటంటే కెమెరా అనేవారు.

బంటింగ్

మొదటి మజిలీ బంటింగ్. ఒకప్పుడు చుట్టూ రబ్బరు తోటలట, ఇప్పుడు ఫ్యాక్టరీలు, అంగళ్ళు, బర్రుమనే మోటారు సైకిళ్ళు. పొద్దున్నే పరోటాలాంటి రోటీ, పప్పు పులుసు తిన్నాం. మనకి పరోటాతో కుర్మా కావాలి, వాళ్ళకి పప్పులాంటిది చాలు. టీ ఇద్దరికీ కలిపి మన డబ్బుల్లో ఎంతైందో లెక్కేసి మా ఆయన మొహం చిట్లించారు. అప్పట్నుంచి లెక్కెయ్యకూడదని నేనే ఆర్డరు వేశాను.

హోటల్లో కూర్చున్న ఒకాయన మా మాటలు విని దగ్గరకొచ్చాడు. తమిళంలో మొదలుపెట్టి, ఇంగ్లీషులోకి వచ్చి, చివరికి వాళ్ళ నాయనమ్మ తెలుగేనని చెప్పాడు. ఆయనకి తెలుగులో వచ్చిన మాటలు 'రా', 'తిను', 'దొంగముండ'. మూడోది నాయనమ్మ ఆయన్నే అనేదట. చాలా సంతోషంగా చెప్పాడు. రాత్రికి మోరిబ్ సముద్రం ఒడ్డున బండి పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు, పొద్దున ఊడ్చేవాళ్ళకి మాత్రం నమస్కారం పెట్టండి అని సలహా ఇచ్చింది ఆయనే.

అలాగే చేశాం. వ్యాన్‌కి వెనక ఇంకో బ్యాటరీ, దానికో ఇన్వర్టరు. పగలు బండి నడుస్తుంటే నిండుతుంది, రాత్రి మిషన్ నడుస్తుంది. మా ఆయన మాస్కు పెట్టుకుని హాయిగా పడుకున్నారు. నేను సముద్రం హోరు, మిషన్ బుస్సుమనే చప్పుడు కలిపి వింటూ పడుకున్నాను. ఈ మాత్రానికా నేను ఇన్నాళ్ళూ భయపడ్డాను అనుకున్నాను. మెలాకా, జొహోర్ అలాగే గడిచాయి. ఆయనైతే ఇంటికెళ్ళాక మనమే ఒక వ్యాన్ కొందామని ప్లాన్లు కూడా వేశారు.

తెరంగాను దారి

తూర్పు ఒడ్డు ఎక్కాక, మెర్సింగ్ దాటిన సాయంత్రం, ఇన్వర్టరు చిటపటమని కాలిన వాసన కొట్టింది. మా ఆయన విప్పి చూసి పెదవి విరిచారు. జీవితమంతా ఊళ్ళకి ఊళ్ళు వెలిగించిన మనిషి, ఒక్క మిషన్‌కి కరెంటు ఇవ్వలేక ఆ డబ్బా ముందు గొంతుక్కూర్చున్నారు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. లిమ్‌కి ఫోన్ చేస్తే పాపం బోలెడు క్షమాపణలు చెప్పాడు. రంజాన్ ముంగిట దేశమంతా సెలవులు, షాపులన్నీ మూత, కొత్త సామాను తెప్పించడానికి వారమైనా పడుతుందన్నాడు.

హోటల్లో దిగొచ్చు కదా అంటారు. రంజాన్‌ని అక్కడ హరి రాయ అంటారు. పట్నాల్లో ఉన్నవాళ్ళంతా సొంతూళ్ళకి బయల్దేరతారు, మన సంక్రాంతి బస్సుల గొడవకి రెట్టింపు. సముద్రం పక్క ఊళ్ళలో ఒక్క గది దొరకలేదు. ఇంజను రాత్రంతా ఆన్ చేసి ఉంచొచ్చు కదా అని కూడా అంటారు. మూసిన బండి, పక్కనే పొగ గొట్టం. దానికి మా ఆయనే ససేమిరా అన్నారు.

కాబట్టి ఆ రోజు నుంచి మా యాత్రకి అర్థం మారిపోయింది. ఎక్కడ పడుకోవాలన్నది కాదు, ఎవరి గోడ పక్కన పడుకోవాలన్నది. పొద్దు వాలేసరికి నా కళ్ళు గోడ గోడకీ ప్లగ్ పాయింటు వెతికేవి.

మొదటి రాత్రి ఒక చిన్న మసీదు. బాటసారులకి అక్కడ తలుపులు తీసే ఉంటాయి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, పడుకోవడానికి అరుగు. చూసుకునే పెద్దాయన్ని వెతికి అడిగాను. మేం హిందువులమని చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేశాను. ఆయన నా బొట్టు కేసి చూసి నవ్వి, ఆ సంగతి తనకి తెలుస్తోందన్నట్టు చెయ్యి ఊపాడు. కరెంటు ఎందుకంటే మా ఆయన ముందుకొచ్చి ఫ్యానుకి అన్నారు. పెద్దాయన వంటశాల కిటికీలోంచి వైరు అందించి, ఉపవాసం విడిచే వేళకి గంజి కూడా పంపాడు. మిరియాలు, అల్లం వేసిన ఆ గంజి తిని నేను ఏడవనందుకు సంతోషించాలి. అంత ఊరటగా ఉంది.

పండగ ఇల్లు

హరి రాయ రోజున అక్కడ ఎవరింటికైనా ఎవరైనా వెళ్ళొచ్చు. తలుపులు బార్లా తీసి ఉంచుతారు, వచ్చినవాళ్ళకల్లా భోజనం. సెతియూ దగ్గర ఒక పల్లెలో దారి అడగడానికి బండి ఆపితే, రోహానీ అనే పెద్దావిడ మమ్మల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కొత్త బట్టలు, కాళ్ళకి మొక్కే పిల్లలు, బల్ల నిండా గిన్నెలు. గొడ్డు మాంసం మేం తినమని చెప్పేలోపే ఆవిడ ఆ గిన్నె అవతలికి జరిపి కోడి కూర ముందుకి తోసింది. కొబ్బరిపాలతో వెదురు బొంగులో కాల్చిన అన్నం పెట్టింది. మా అరకులో బొంగులో చికెన్ కాలుస్తారు, వీళ్ళు అన్నం కాలుస్తారు, అంతే తేడా అని నేను సైగలతో చెప్తే ఇల్లంతా నవ్వారు. ఇంకొంచెం ఇంకొంచెం అంటూ ఆవిడ కొసరి కొసరి వడ్డించింది. నేను చాలు చాలంటూనే తిన్నాను. అచ్చం మన ఇంట్లో ఉన్నట్టే ఉందనుకున్నాను. నా కొంప ముంచింది ఆ అనుకోవడమే.

చీకటి పడకముందు ఆవిడ మా వ్యాన్ లోపలంతా తిరిగి చూసింది. మంచం నొక్కి చూసి మెచ్చుకుంది. తర్వాత, రాత్రికి ముందుగదిలో పడుకోండి, ఏసీ ఉంది అని తన మనవరాలి చేత ఇంగ్లీషులో అడిగించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణంతో ఏమన్నానో తెలుసా? "అబ్బే, వద్దండీ, మీకెందుకు శ్రమ" అన్నాను.

మన పక్క అదే మర్యాద కదా. పిలిచినవాళ్ళు పిలుస్తారు, వెళ్ళినవాళ్ళు వద్దంటారు, వాళ్ళు మళ్ళీ పిలుస్తారు, వీళ్ళు మళ్ళీ వద్దంటారు, మూడోసారికి చెప్పులు విప్పుతారు. నేను రెండో పిలుపు కోసం మొహం నవ్వుగా పెట్టుకుని నిలబడ్డాను. మనవరాలు నా మాట ఆవిడకి చెప్పింది. ఆవిడ సరేనని తలూపింది. భోజనం దగ్గర అన్నిసార్లు బలవంతం చేసిన మనిషి, పడక దగ్గర ఒక్కసారే అడిగింది. మాకు బండిలో మెత్తని మంచం ఉందని చూసింది కదా, ఇంకా పట్టుబడితే మా మంచాన్ని చిన్నబుచ్చినట్టని ఆవిడ మర్యాద ఆవిడది. నాలుగు పొట్లాలు కట్టి చేతిలో పెట్టి, గేటు దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళమని సాగనంపింది.

బండి మలుపు తిరిగింది. ఆయన అందుకున్నారు, ఏసీ గది ఇస్తామంటే వద్దంటావా అని. ఇంకోసారి అడుగుతారనుకున్నాను అన్నాను. అడగలేదు కదా అన్నారు. మీకు నోరు లేదా, నాకు కావాలి అని మీరు చెప్పొచ్చు కదా, మీ సిగ్గు కోసం నేను ఒట్టు వేసుకుని చస్తున్నాను అన్నాను. నాకు ముక్కు మీద కోపమని మా వైపు వాళ్ళందరూ ఎరుగుదురు. వెనక్కి వెళ్దామా అంటే ఇద్దరికీ తల కొట్టేసినట్టయింది. వెళ్ళలేదు.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. ఆయన డ్రైవర్ సీట్లో కూర్చునే కునుకు తీశారు, ఊపిరి ఆగినప్పుడల్లా నేను భుజం పట్టి కుదిపాను. తెల్లారేసరికి ఆయన కళ్ళు ఎర్రగా, నా చెయ్యి నొప్పిగా ఉన్నాయి. రోహానీ గారు కట్టిచ్చిన పొట్లం విప్పి తింటూ ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట ఎవరు ఏమిస్తామన్నా మొదటిసారే సరేనంటాను, మర్యాద గంగలో కలిసినా సరే.

తెలుక్ ఇంతాన్

పడమటికి తిరిగి అడవి దారిన వచ్చాం. ఏనుగులు దాటుతాయని రోడ్డు పక్కన బొమ్మలున్నాయి. ఏనుగు కనబడలేదు గానీ దాని పేడ రోడ్డు మధ్యలో తాజాగా ఉంది, మా ఆయన బండి దిగి ఫోటో తీసుకున్నారు. గెరిక్‌లో అదృష్టం బాగుండి ఒక పాత హోటల్లో గది దొరికింది. ఇపో పట్నంలో షాపులు తెరిచారు గానీ ఆ ఇన్వర్టరు రకం వాళ్ళ దగ్గర లేదు, క్లాంగ్ నుంచి రావాల్సిందే.

తెలుక్ ఇంతాన్‌లో కొంచెం ఒరిగిన గడియారం స్తంభం ఉంది. దాని దగ్గర నూడుల్స్ అమ్మే చైనా ఆవిడని రాత్రికి జాగా, కరెంటు అడిగాను. ఆవిడ తన ఇంటి వెనక షెడ్డు ఉందని మొదలుపెట్టింది. అంతే, నేను "సరే, సరే, చాలా సంతోషం" అనేశాను. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది. "మాకు అన్నీ ఓకే" అన్నాను. ఆవిడ భుజాలు ఎగరేసి తాళం ఇచ్చింది.

ఆవిడ చెప్పబోయింది ఏమిటంటే, ఆ షెడ్డు పక్కన ఉన్నది పిట్టల ఇల్లు. మూడంతస్తుల మేడ, ఒక్క కిటికీ లేదు, గోడలకి బుల్లి కన్నాలు. ఒక రకం పిచ్చుకలు లోపల గూళ్ళు కడతాయి, ఆ గూళ్ళతో చైనావాళ్ళు సూపు కాచుకుంటారు, బంగారం ధర పలుకుతుంది. పిట్టల్ని పిలవడానికి మైకులో పిట్టల కూతలు వేస్తారు. ఆపకుండా. కిచకిచ కిచకిచ కిచకిచ. మా ఆయన చెవిలో దూది, మొహానికి మాస్కు, చల్లగా నిద్రపోయారు. నాకు కన్ను మూతపడలేదు. అయినా చెప్తున్నాను, ఆ కిచకిచల మధ్య ఆయన రొమ్ము సమంగా లేచి పడుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు ఎంత హాయిగా ఉందో. పొద్దున ఆవిడ నన్ను చూసి పగలబడి నవ్వి, నూడుల్స్‌కి డబ్బులు తీసుకోలేదు.

సుంగై సుమున్

తెలుగువాళ్ళుండే చోటంటే అదేనని అందరూ చెప్పారు. రెండు పక్కలా పామాయిల్ తోటలు, కొబ్బరి తోటలు, మధ్యలో తిన్నటి రోడ్డు. మన కోనసీమలా ఉంటుందనుకున్నాను. కాదు, కోనసీమలో మనుషులు రోడ్డు మీద నడుస్తారు, ఇక్కడ కాళ్ళకి పనే లేదు, అందరూ కార్లు, మోటారు సైకిళ్ళే. ఒక కొట్టు దగ్గర కొబ్బరి నీళ్ళు తాగుతూ, రేటు ఎక్కువేనని నేను మా ఆయనతో సణుగుతుంటే, పక్క బల్ల నుంచి ఒక ముసలావిడ అందుకుంది.

"ఏటమ్మా, ఏ ఊరు నుంచి వచ్చినారు?"

నా చేతిలో బొండం జారబోయింది. 'ఏటి' అన్న మాట వినడానికి ఇన్ని సముద్రాలు దాటాలా? ఆవిడ పేరు అప్పలనరసమ్మ. డెబ్బై దాటిన మనిషి, చిన్నప్పుడు తోటలో రబ్బరు పాలు తీసింది. వాళ్ళ తాత మన పక్క నుంచే ఓడెక్కి వచ్చినాడట, ఊరి పేరు ఏటో ఎవరికీ తెలీదట. నేను అప్పా అన్నాను, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ పిలుపు వాళ్ళింట్లో తన తమ్ముడితోనే పోయిందట. పిల్లలు అర్థం చేసుకుంటారు గానీ మాట్లాడరని, తమిళమే మాట్లాడుతారని చెప్పింది. "ఇంటికి పదండి. మాకన్ సేసి, రాత్రికి ఈడే పడుకోండి లా" అంది. మాకన్ అంటే భోజనం, 'లా' అక్కడివాళ్ళ ఊతపదం.

"సరే అప్పా" అన్నాను టక్కున.

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మ మూడుసార్లు పిలిపించుకోకుండా ఎవరి గడపా తొక్కేది కాదట. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువ బెట్టు చేస్తారేమోనని రెండోసారి, మూడోసారి ఏమనాలో ఆవిడ ముందే సిద్ధం చేసుకుందట. సెతియూలో దొరకని పిలుపులు ఇక్కడ దండిగా ఉన్నాయి, నేనే అడ్డం పడ్డాను.

వాళ్ళది తోటవాళ్ళు కట్టిచ్చిన పాత ఇంటిని పెంచుకున్న ఇల్లు. గుమ్మానికి ఉగాది మామిడాకులు ఇంకా ఎండి వేలాడుతున్నాయి. కొడుకు రాము పామాయిల్ మిల్లులో పని, బాగా లావాటి మనిషి, నవ్వు మొహం. కోడలు లెచ్చిమి, తల్లిది తమిళం, తండ్రిది తెలుగు, మాటలు తక్కువ. ఎండు చేపల పులుసులో మామిడికాయ వేసి పెట్టారు. మా అమ్మ పులుసే, కాకపోతే వీళ్ళు కొబ్బరిపాలు పోశారు. మా ఆయన మూడోసారి వడ్డించుకున్నారు. కరెంటు కావాలంటే రాము వైరు లాగి వ్యాన్ దాకా తెచ్చాడు. ఎందుకని అడిగితే మళ్ళీ అదే మాట, ఫ్యానుకి.

పొద్దు వాలాక ఆకాశం నల్లబడింది. ఆ దేశంలో వాన అంటే మామూలు వాన కాదు, కుండలతో కుమ్మరించినట్టు, పిడుగులతో సహా. ఎక్కడో పెద్ద చప్పుడైంది, వీధి వీధంతా చీకటైపోయింది. రాము ఫోన్లు చేసి, చెట్టు పడి తీగలు తెగాయట, పొద్దున్న దాకా రాదు అన్నాడు. అప్ప కొవ్వొత్తులు వెలిగించింది.

అప్పకేమీ తెలీదు కదా, నా మొహం చూసి ఉక్కపోతకి భయపడుతున్నానని అనుకుంది. కిటికీలు తీసుకోండి, వాన గాలి సల్లగా ఉంటాది, ఫ్యాను ఎందుకు అని ఓదార్చింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కొవ్వొత్తి కేసి చూస్తున్నారు. ఒట్టు ఉంది, నోరు కట్టేసినట్టుంది. ఇంకో నిమిషం చూస్తాను, తర్వాత ఒట్టు గట్టు మీద పెడతాను అనుకున్నాను. ముందు రాత్రి పిట్టల గోలలో నిద్ర లేదు నాకు. ఆ మనిషిని మళ్ళీ కుదుపుతూ కూర్చునే ఓపిక, ధైర్యం, రెండూ లేవు.

ఆయనే గొంతు సవరించుకున్నారు.

"అప్పా, ఫ్యానుకి కాదు. నాకు నిద్రలో ఊపిరి ఆగిపోద్ది. ఒక మిషన్ పెట్టుకుంటే గానీ పడుకోలేను. దానికి కరెంటు కావాలి."

చెప్పి తల దించుకున్నారు. ఇంట్లో ఎవరూ అయ్యో అనలేదు. అప్ప కొవ్వొత్తి పక్కకి పెట్టి, "ఆ మాట ముందే సెప్పకూడదా బావూ" అని, కొడుకు వైపు తిరిగి తమిళంలో గబగబా ఏదో అంది. రోడ్డు చివర కొబ్బరి పీచు షెడ్డు ఉంది, దాని యజమాని చైనా ఆయన, ఆయనకి జనరేటరు ఉంది. రాము వాన కోటు తగిలించుకుని మోటారు సైకిల్ ముందు పోనిస్తే మేం వ్యాన్‌లో వెనకే వెళ్ళాం. గేటు దగ్గర రాము మాట్లాడబోయేంతలో మా ఆయన గొడుగైనా లేకుండా దిగి, ఆయనే అడిగారు. నాకు జబ్బుంది, రాత్రికి కాస్త కరెంటిస్తారా అని, వచ్చీరాని ఇంగ్లీషులో, వానకి తడుస్తూ. ఆ చైనా ఆయన మొత్తం వినలేదు. జబ్బు అన్న మాట దగ్గరే గేటు బార్లా తీశాడు.

అమ్మయ్య. ఇంతకంటే నాకు మాటలు రావు. జనరేటరు దడదడ, వాన దబదబ, మిషన్ బుస్సు. నేను ఆ పీచు బస్తాల వాసనలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను, యాత్రలో మొదటిసారి.

బయల్దేరే పొద్దు

పొద్దున కరెంటు వచ్చింది. అప్ప ఇంటికి టిఫిన్‌కి వెళ్ళాం. తిన్నాక బాగన్ దాతుక్ సముద్రం చూసి క్లాంగ్ వెళ్ళిపోవాలి, లిమ్ దగ్గరకి కొత్త ఇన్వర్టరు వచ్చిందట. మా ఆయన చాలా తేలిగ్గా ఉన్నారు, ఈల కూడా వేశారు.

చెప్పులు తొడుక్కుంటుంటే లెచ్చిమి వచ్చింది. ముందు రోజంతా ఆ పిల్ల నాతో నాలుగు ముక్కలు మాట్లాడలేదు. తెలుగు సరిగా రాదని సిగ్గనుకున్నాను. తిన్నగా మా ఆయన ముందుకెళ్ళి నిలబడి, రాముని చూపిస్తూ, మాటలు ఏరుకుంటూ చెప్పింది.

"అంకుల్, రాత్రి మీరు సెప్పినారు కదా. ఇవరికి కూడా. పడుకుంటే ఆగిపోద్ది. నేను కొడితే మళ్ళీ వస్తాది. రోజూ నేను మేలుకుని ఉంటాను. గురక అనుకున్నాను."

నేను ఆ పిల్ల మొహం అప్పుడు చూశాను సరిగ్గా. కళ్ళ కింద నల్లటి చారలు. రాత్రుళ్ళు చెయ్యి నొప్పి పుట్టేదాకా కుదిపే పని నాకొక్కదానికే ఉందనుకున్నాను. గబుక్కున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.

రాము వెనక నుంచి నవ్వేశాడు. సుమ్మా, ఉత్త గురకే, ఈమె ఊరికే భయపడుద్ది, తనకేమీ లేదన్నాడు. పగలు నిద్ర వస్తుందా అని మా ఆయన అడిగారు. మిల్లులో కొంచెం తూగుతానన్నాడు. బండి మీద? దానికి జవాబు అప్ప చెప్పింది. డ్యూటీ నుంచి వస్తూ ఒకసారి బండితో సహా తోట కాలవలో పడినాడట, కునుకు పట్టి. అదృష్టం, మోకాలు దోక్కుపోయిందంతే.

మా ఆయన తొడుక్కున్న చెప్పులు విప్పేశారు. తర్వాత, నేనూ ఇలాగే నవ్వేసేవాడిని, ఇంటావిడ చెప్తే గురకేగా అని కసిరేవాడిని, గురకకి డాక్టరేమిటని ఆసుపత్రికి వెళ్ళడానికే ఏడాది పట్టింది అన్నారు. అన్నారంటే అందరూ వినేలా అన్నారు. వ్యాన్‌లోకి వెళ్ళి నల్ల సంచీ పట్టుకొచ్చారు.

వాకిట్లో చాప వేయించారు. వైరు తగిలించి మిషన్ ఆన్ చేశారు. ఆ చప్పుడికి పక్కింటివాళ్ళు గేటు దగ్గరకొచ్చారు, బండి మీద పోతున్న ఒకాయన ఆగాడు. అల్లుడికి కూడా చూపించని మాస్కు, మా ఆయన అందరి ముందూ పట్టపగలు మొహానికి తగిలించుకుని, చాప మీద వెల్లకిలా పడుకుని, ఇదిగో ఇలా అని చేత్తో చూపించారు. అప్ప వంగి చూసి, ఊపిరి బాగా ఆడుతున్నాదా బావూ అని అడిగింది. ఆయన మాస్కులోంచే తలూపారు. లెచ్చిమి ఏ డాక్టరుకి చూపించాలో చెప్పమంటూ ఫోన్ తీసింది. నేను ఆయనకి వైజాగ్‌లో ఏయే పరీక్షలు చేశారో చెప్తుంటే ఆ పిల్ల తమిళంలో రాసుకుంటోంది.

రాము ఈసారి నవ్వలేదు. వచ్చి చాప పక్కన కూలబడి, చెయ్యి చాపాడు.

"నాకొకసారి ఇయ్యండి అంకుల్" అన్నాడు.